సిమెంటు బకెట్‌లో పెట్టిన 10 మీటర్ల యాంటెన్నా పోల్ పడిపోయింది. ఒక్కడినే నిలబెట్టుకునేలా ఆధారం ఎలా చేసుకోవాలి?

ఏడు_మెగాహెర్ట్జ్:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

నా దగ్గర 10 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టెలిస్కోపిక్ పోల్ ఉంది. అడుగున 50 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, కొసకి వచ్చేసరికి పెన్సిల్ కంటే సన్నం. దాని మీద 40 మీటర్ల బ్యాండ్‌కి ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తుగా, రెండు కొసలు కిందికి వాలి ఉండే డైపోల్ తీగ యాంటెన్నా) కట్టుకుని సెలవు రోజుల్లో ఖాళీ మైదానాల్లో కూర్చుని హామ్ రేడియోలో మాట్లాడుతుంటాను. ఆధారం కోసం 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో కాంక్రీటు పోసి, మధ్యలో 30 సెంటీమీటర్ల ఇనుప పైపు నిలబెట్టి, అందులో పోల్ దించేవాడిని. బకెట్‌ని ఒక్కడినే కదపడానికి ఆపసోపాలు పడేంత బరువు కాబట్టి దీన్ని గాలి ఏం చేస్తుందిలే అనుకున్నాను.

పోయిన వారం పడిపోయింది. పెద్ద గాలి కూడా కాదు, చెట్ల చిన్న కొమ్మలు ఊగేంత గాలి, అంతే. తీగలు రెండువైపులా బాగా బిగించి కట్టాను, వదులుగా లేవు. సరిగ్గా అవతలి స్టేషన్ నాకు సిగ్నల్ రిపోర్టు ఇస్తున్నప్పుడు బకెట్‌తో సహా ఒరిగింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, పిల్లలెవరైనా ఆడుకుంటూ ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది. అడుగు సెక్షన్ సరిగ్గా ఇనుప పైపు అంచు దగ్గర చీలింది.

ఇప్పుడు కొత్తగా ఏదైనా చేసుకోవాలి. నా పరిస్థితి ఇదీ: ఎప్పుడూ ఒక్కడినే వెళ్తాను, సాయానికి ఎవరూ ఉండరు. చాలాసార్లు కారులో వెళ్తాను, అప్పుడప్పుడు గుట్టలెక్కుతాను, అక్కడ రాతినేల, గూటం దిగదు. వెల్డింగ్ రాదు, డ్రిల్లు, రంపం, స్పానర్లు ఉన్నాయి. ఇంకా పెద్ద బకెట్ చేసుకోవాలా, లేక దారి వేరే ఉందా? చేసి వాడినవాళ్లు చెప్పండి.

తూకంరాయి:

మీకు దెబ్బ తగలనందుకు సంతోషం అండీ. పెద్ద బకెట్ మాత్రం వద్దు. ఎందుకు వద్దో లెక్క చూపిస్తాను, ఒకసారి ఇది అర్థమైతే ఆ తర్వాత ఏ ఆధారం చూసినా నిలబడుతుందో లేదో మీరే చెప్పేస్తారు.

20 లీటర్ల కాంక్రీటు 48 కేజీల దాకా ఉంటుంది. బరువు బాగానే ఉంది, కానీ బకెట్ ఒరిగేది దాని అడుగు అంచు మీద. మధ్య నుంచి ఆ అంచుకి దూరం 14 సెంటీమీటర్లు అనుకోండి. అంటే ఒరగకుండా ఆపే బలం 48 ఇంటూ 0.14, దాదాపు 6.7 కేజీ-మీటర్లు. అంతే. అంత బరువు మోసుకెళ్లి మీరు సంపాదించుకున్నది అది.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. గంటకు 36 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 10 మీటర్లు, ఒక చదరపు మీటరు మీద 6 కేజీల పైచిలుకు నెడుతుంది. మీ పోల్ సగటున 27 మిల్లీమీటర్ల లావు, 10 మీటర్ల పొడవు, గాలికి ఎదురయ్యే వైశాల్యం పావు చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ. గుండ్రటి కర్రకి 1.2 గుణకం వేస్తే 2 కేజీల తోపు వస్తుంది. అడుగు లావు, కొస సన్నం కాబట్టి ఆ తోపు 3.6 మీటర్ల ఎత్తున పనిచేస్తుందనుకోవచ్చు. 7 కేజీ-మీటర్లు అక్కడే అయిపోయాయి, బకెట్ శక్తి అంతా పోల్ ఒక్కదానికే చాలలేదు. తీగకీ, యాంటెన్నాని రేడియోకి కలిపే కేబుల్, అంటే కిందికి వేలాడే కోయాక్స్‌కీ తగిలే గాలి ఇంకో 3 కలుపుతుంది. మొత్తం 10. గాలి రెట్టింపు అయితే తోపు నాలుగు రెట్లు అవుతుందని కూడా మర్చిపోకండి, అదే మనల్ని మోసం చేసేది, ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఉన్న గాలి చూసి ఫరవాలేదనుకుంటాం.

కానీ మీ విషయంలో అసలు దోషి గాలి కాదని నా అనుమానం. తీగలు బాగా బిగించానన్నారు కదా. ఒకవైపు తీగ రెండోదానికంటే 2 కేజీలు ఎక్కువ లాగితే చాలు, అది 9 మీటర్ల ఎత్తున లాగుతోంది కాబట్టి 18 కేజీ-మీటర్లు అవుతుంది. 2 కేజీల తేడా చేతికి తెలియను కూడా తెలియదు. అలా ఒకవైపుకి వంగి ఉన్నదాన్ని చిన్న గాలి పూర్తిచేసి ఉంటుంది.

ఇప్పుడు గై తాళ్ల సంగతి, అంటే పోల్‌ని చుట్టూ నుంచి నేలకి లాగి పట్టే తాళ్లు. 6 మీటర్ల ఎత్తున మూడు తాళ్లు కట్టి, ఒక్కోదాన్ని పోల్ అడుగు నుంచి 4 మీటర్ల దూరంలో నేలకి బిగించారనుకోండి. అదే 10 కేజీ-మీటర్లని ఆపడానికి తాడులో పడే లాగుడు 3 కేజీలు! గంటకు 72 కిలోమీటర్ల గాలి వచ్చినా 12. మూడు మిల్లీమీటర్ల తాడుకి ఇది లెక్కే కాదు. 48 కేజీల కాంక్రీటు చేయలేని పని జేబులో పట్టే తాడు చేస్తుంది. అందుకే నేను అందరికీ చెప్పేది, పోల్‌ని నిలబెట్టేది బరువు కాదు, దూరం. బరువుని గానీ తాడుని నేలకి పట్టే కొక్కేన్ని గానీ పోల్ నుంచి ఎంత దూరం జరిపితే అంత తక్కువతో పని అయిపోతుంది.

చోటు లేదని తాళ్లని మరీ దగ్గరగా కట్టకండి. 4 మీటర్ల బదులు ఒకటిన్నర మీటర్లలో కడితే అదే గాలికి తాడులో లాగుడు 3 నుంచి 7 కేజీలకి పెరుగుతుంది, అందులో చాలా భాగం పోల్‌ని కిందికి నొక్కడానికే పోతుంది. టెలిస్కోపిక్ పోల్‌కి కిందికి నొక్కడం అంటే జాయింట్లు జారిపోవడమే. తాడు కట్టిన ఎత్తులో సగానికి తగ్గకుండా, వీలైతే మూడింట రెండు వంతుల దూరం ఇవ్వండి.

ఇక చీలిక. 30 సెంటీమీటర్ల పైపులో నిలబెట్టారు కాబట్టి వంపు భారం అంతా ఆ చిన్న పొడవులోనే పంచుకోవాలి. 10 కేజీ-మీటర్లని 0.3తో భాగిస్తే 33 కేజీలు, అది పైపు వాడి అంచు మీద, పల్చటి ఫైబర్‌గ్లాస్ గోడకి గుచ్చుకుంటుంది. ఆధారం 60 సెంటీమీటర్లు ఉంటే అది సగమవుతుంది. అంచుకి రబ్బరు చుట్టాలి, లేకపోతే పడకపోయినా ఒరుసుకుపోయి ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది.

టైరు_కింద_పలక:

మాస్టారు లెక్క బాగా చెప్పారు. నేను కారు సంగతి చెప్తాను, చాలాకాలంగా నా పద్ధతి అదే.

మీ దగ్గర అన్నిటికంటే పెద్ద బరువు కారే, దాన్ని వదిలేసి కాంక్రీటు మోయడం ఎందుకు? ఒక చక్రం మీద 200 కేజీలు అయినా ఉంటుంది. ఆ చక్రం కింద ఒక పలక పెట్టి, పలక బయటికి వచ్చిన భాగంలో పైపు నిలబెడితే అది కదలదు. చాలామంది 6 మిల్లీమీటర్ల ఇనుప రేకు మీద పైపు ముక్క వెల్డింగ్ చేయిస్తారు. వెల్డింగ్ లేకుండా కూడా అవుతుంది, నా మొదటిది చెక్కతోనే చేశాను. మీటరు పొడవు, పావు మీటరు వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి చెక్క తీసుకున్నాను. 60 సెంటీమీటర్లు చక్రం కిందికి, మిగతాది బయటికి. బయటి భాగంలో ప్లంబింగ్‌లో వాడే ఇనుప ఫ్లాంజ్ (పైపు బిగించడానికి మరలున్న గుండ్రటి పళ్లెం) పెట్టి నాలుగు బోల్టులు చెక్క ఆరపార వేశాను. బోల్టు తలలు అడుగున చెక్కలోకి దిగేలా గుంట చేయాలి, లేకపోతే పలక నేల మీద ఊగుతుంది. స్క్రూలు వాడకండి, ఊగీ ఊగీ ఊడొచ్చేస్తాయి, బోల్టు, వాషరు, నట్టు ఉండాల్సిందే. ఫ్లాంజ్‌లోకి 60 సెంటీమీటర్ల పైపు బిగించి, దాని మీదికి పోల్ అడుగు మూత తీసి తొడిగాను. పైపుకి సైకిల్ ట్యూబు చుట్టి లోపల బిగుతుగా కూర్చునేలా చేశాను.

ఇందులో బలహీనమైన చోటు ఒకటుంది, ముందే చెప్తున్నాను. ఫ్లాంజ్‌లోకి వెళ్లే మరలు కోసిన చోట పైపు గోడ పల్చబడుతుంది, వంపు భారం కూడా సరిగ్గా అక్కడే ఎక్కువ. 6, 7 మీటర్ల పోల్ అయితే ఇలాగే వదిలేయొచ్చు. మీ 10 మీటర్లకి మాత్రం రెండో పట్టు కావాలి. కారు పైన సామాన్ల క్యారియర్ ఉంటే దాని కమ్మీకి పోల్‌ని ఒక బెల్టుతో కట్టేయండి, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున రెండో పట్టు దొరికితే అడుగున భారం దాదాపు ఉండదు. క్యారియర్ లేకపోతే తూకంరాయి గారు చెప్పిన మూడు తాళ్లే.

కారు గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంకో చక్రానికి రాయో చెక్కో అడ్డం పెట్టండి. తర్వాత ఇది తప్పకుండా చేయండి: పోల్ లేచిన క్షణం నుంచి కారు తాళంచెవి పోల్ అడుగునే వేలాడదీయండి. పోల్ సంగతి మర్చిపోయి కారు ముందుకి కదిపినవాళ్లు నాకు తెలుసు. తాళంచెవి పోల్ దగ్గరే ఉంటే పోల్ చూడకుండా కారు ఎక్కలేరు.

మెత్తటి నేల మీద, వాన పడిన మర్నాడు, చక్రం నెమ్మదిగా దిగబడి పలక వంకరవుతుంది, అరగంటకోసారి ఒక చూపు వేయండి.

కొండకొస:

గుట్టల గురించి నేను చెప్తాను, నేను దాదాపు ఎప్పుడూ నడిచే వెళ్తాను. సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ లాంటిది ఎప్పుడైనా చేయాలనుకుంటే (కొండ శిఖరాల మీద నుంచి హామ్ రేడియోలో మాట్లాడే కార్యక్రమం, 2002లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది) అందులో కారుకి కట్టిన ఏదీ పనికిరాదు, వాహనం దగ్గర నుంచి ఆపరేట్ చేస్తే లెక్కలోకి తీసుకోరు, సామాను అంతా మోసుకెళ్లాలని నియమం. కాబట్టి పలకతో పాటు మోసుకెళ్లేది ఇంకోటి ఎలాగూ చేసుకోవాలి.

మొదటి మాట, గుట్ట మీదికి 10 మీటర్ల పోల్ తీసుకెళ్లకండి. 6 మీటర్లది చాలు. గుట్టే మీకు ఎత్తు ఇచ్చేసింది. 14 మెగాహెర్ట్జ్‌కి హాఫ్ వేవ్ తీగ (తరంగంలో సగం పొడవు) మొత్తం 10 మీటర్లే, 7 మెగాహెర్ట్జ్‌కి 20. 6 మీటర్ల మధ్య ఎత్తుతో 14 మెగాహెర్ట్జ్‌కి, అంటే 20 మీటర్ల బ్యాండ్‌కి ఇన్వర్టెడ్ వీ హాయిగా వస్తుంది, నేను దాని మీద 5 వాట్లతో ఖండాలు దాటి మాట్లాడాను.

రాతినేలకి గూటాలు అక్కర్లేదు. ఖాళీ సంచులు మూడు పట్టుకెళ్లండి, కూరగాయల వలసంచి అయినా సరే, గుట్టమీద రాళ్లు నింపి తాడు కట్టడమే. బరువు పైకి మోయక్కర్లేదు, పైన దొరుకుతుంది. తాడుని నేరుగా రాయి చుట్టూ కూడా కట్టొచ్చు కానీ వాడి అంచు ఉన్న రాయి సన్నతాడుని కోసేస్తుంది, నాకు ఒకసారి అలా తెగింది, అప్పటి నుంచి సంచే. పెద్ద రాయి కింద కొంత భాగం ఇరికించి పైన ఇంకో రాయి పెడితే సంచి జారదు. ఇసుక నేల అయితే ఇదే సంచిలో ఇసుక పోసి మోకాలి లోతున పూడ్చేయండి, గూటం ఊడొస్తుంది గానీ పూడ్చిన సంచి రాదు.

మూడు తాళ్లూ అవసరం లేని పద్ధతి ఒకటి ఉంది. పైనుంచి చూస్తే డైపోల్ తీగలు రెండూ ఒకే గీతలో కాకుండా 120 డిగ్రీల కోణంలో వచ్చేలా తిప్పండి, మూడో దిక్కున ఒక తాడు. అంతే, యాంటెన్నా తీగలే రెండు గై తాళ్లు అయిపోయాయి. సిగ్నల్‌లో తేడా చెవికి తెలియదు. తీగ కొసలకి మాత్రం రెండు మూడు మీటర్ల తాడు ఉండాలి. రాతి మీద పోల్ అడుగు జారకుండా చేతికర్రలకి వేసే రబ్బరు తొడుగు వేయండి, అడుగు జారితే పైన ఎన్ని తాళ్లున్నా లాభం లేదు.

తాడు విషయంలో పిసినారితనం వద్దు. నైలాన్ తడిస్తే సాగుతుంది, పొద్దున మంచులో బిగించింది ఎండ వచ్చేసరికి ఇంకోలా ఉంటుంది. పాలీప్రొపిలీన్ ఎండకి పొడిపొడిగా రాలుతుంది. పాలిస్టర్ అల్లిక తాడు 2 లేదా 3 మిల్లీమీటర్లది తీసుకోండి, సాగదు, ఎండని తట్టుకుంటుంది. కార్బన్ ఫైబర్ పోల్ తేలిగ్గా ఉందని మాత్రం కొనకండి, కార్బన్ కరెంటుని మోస్తుంది, దాని పక్కన నిలువు తీగ కడితే ట్యూనింగ్ అంతా మారిపోతుంది, తగలకూడని తీగకి తగిలితే ప్రాణానికే ప్రమాదం.

నీలిపైపు:

ఇంత కష్టం ఎందుకండీ, పీవీసీ పైపులు మూడు ముక్కలు ఒకదాన్లో ఒకటి తొడిగితే 9 మీటర్లు వచ్చేస్తుంది, చవక, కరెంటు మోయదు, విరిగినా ఏ షాపులోనైనా దొరుకుతుంది. నేను 5 మీటర్లదాకా అలాగే వాడాను.

తూకంరాయి:

నీలిపైపు గారూ, 5 మీటర్లదాకా ఒప్పుకుంటాను, అదీ తాళ్లతో. 9 మీటర్లకి వద్దు. పీవీసీ ఫైబర్‌గ్లాస్ కంటే చాలా మెత్తనిది, నిలబెట్టగానే తన బరువుకే విల్లులా వంగుతుంది, ఎండలో వేడెక్కితే ఇంకా వంగుతుంది. ఒకసారి వంగిందంటే తాళ్లు కిందికి నొక్కే బలం కూడా ఆ వంపునే పెంచుతుంది. ఎండలో కొన్నాళ్లు ఉంటే పెళుసుబారి చలి రోజున గాజులా పగులుతుంది కూడా. పీవీసీని చిన్న పనులకి వాడండి, తీగ కొసల ఇన్సులేటర్లకి, పోల్ అడుగు తొడుగుకి అది చాలా మంచిది.

ఏడు_మెగాహెర్ట్జ్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. 2 కేజీల తేడా 9 మీటర్ల ఎత్తున 18 అవుతుందన్న మాట చదివి వెంటనే అర్థమైంది, ఆ రోజు ఉత్తరం వైపు తీగకి చెట్టు కొమ్మ దొరికింది, దాన్ని గట్టిగా లాగి కట్టాను, రెండోదానికి దొరకలేదు. పోల్ ఒరిగింది కూడా ఉత్తరానికే.

పలక చేస్తాను, తాళ్లూ కడతాను, నిర్ణయించుకున్నాను. ఇంకా మూడు సందేహాలున్నాయి. పోల్ మధ్యలో తాళ్లు కట్టడానికి రంధ్రం వేయకూడదు కదా, మరి దేనికి కట్టాలి? జాయింట్లు జారకుండా ఏం చేస్తున్నారు, నాది గంటకోసారి ఒక సెక్షన్ లోపలికి కూరుకుపోతుంది. మూడోది, ఒక్కడినే కాబట్టి, మూడు తాళ్లని ఒకేసారి పట్టుకునేవాళ్లు లేకుండా 10 మీటర్లని ఎలా లేపాలి?

టైరు_కింద_పలక:

మొదటిదానికి, పోల్‌కి రంధ్రం వద్దే వద్దు. వంటింట్లో కూరలు తరిగే ప్లాస్టిక్ పలక పాతది ఉంటే తీసుకోండి, 8 మిల్లీమీటర్ల మందం చాలు. అరచేయంత గుండ్రటి ముక్క కోసి మధ్యలో పెద్ద రంధ్రం, అంచు దగ్గర మూడు చిన్న రంధ్రాలు సమాన దూరంలో వేయండి. కిటుకంతా మధ్య రంధ్రం కొలతలో ఉంది: పై సెక్షన్ సులువుగా దూరాలి, దాని కింది సెక్షన్ నోరు దూరకూడదు. అప్పుడు ఆ రింగు కిందికి జారి సరిగ్గా జాయింటు భుజం మీద కూర్చుంటుంది, క్లాంపు అవసరమే లేదు. పోల్ రింగులో స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి తాళ్లు మెలిపడవు. చిన్న రంధ్రాల అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, తాడు అక్కడే అరుగుతుంది. రింగుని 5, 6 మీటర్ల మధ్య వచ్చే జాయింటు మీద పెట్టుకోండి.

డైపోల్ మధ్య భాగాన్ని పోల్ కొసకి కట్టకండి. పై రెండు సెక్షన్లు గాలం కొసలా వంగుతాయి తప్ప బరువు మోయవు. 10 మీటర్ల పోల్ అంటే పనికొచ్చేది 8.5 మీటర్లే అనుకోండి. కోయాక్స్ బరువుని కూడా తీగ మీద వదలకండి, ఆర్‌జీ-58 అయితే 10 మీటర్లు 400 గ్రాములే, ఆర్‌జీ-213 అయితే ఒకటిన్నర కేజీ దాటుతుంది, ఆ లావు కేబుల్‌ని ఇలాంటి పోల్ మీద పెట్టొద్దు. ఏ కేబుల్ అయినా మధ్య ఇన్సులేటర్ దగ్గర ఒక చుట్టు వేసి కట్టి ఆ చుట్టు మీద భారం పడేలా చేయండి.

జాయింట్ల సంగతి కొండకొస గారు నాకంటే బాగా చెప్తారు.

కొండకొస:

జాయింటు జారడానికి నూటికి తొంభైసార్లు కారణం దుమ్ము. ప్రతిసారీ మూసేటప్పుడు తడిబట్టతో తుడుస్తూ మూయండి, ఇసుకరేణువు ఒకటి మధ్యలో ఉన్నా రెండు సెక్షన్లు పట్టుకోవు, పైగా గీతలు పడి శాశ్వతంగా వదులవుతాయి. తెరిచేటప్పుడు బయటికి లాగి కొద్దిగా మెలితిప్పి బిగించాలి, ఊరికే లాగితే చాలదు. ఆ పైన జాయింటు మీద ఎలక్ట్రికల్ టేపు రెండు చుట్లు, కింది సెక్షన్ మీద సగం, పై సెక్షన్ మీద సగం వచ్చేలా. చివర చిన్న మడత వదలండి, విప్పడానికి పట్టు దొరుకుతుంది. బాగా ఎండలో టేపు జిగురు కరిగి మెల్లగా జారుతుంది, అలాంటి రోజున కింది మూడు నాలుగు లావు జాయింట్లకి గార్డెన్ గొట్టాల స్టీలు క్లాంపులు వాడండి. కింద రబ్బరు ముక్క పెట్టి, స్క్రూడ్రైవర్‌తో కాకుండా వేళ్లతో తిప్పగలిగినంత మటుకే బిగించండి. ఎక్కువ బిగిస్తే గోడ పగులుతుంది.

మూసేటప్పుడు ఇరుక్కుంటే మెలితిప్పి కుస్తీ పట్టకండి. అడుగు మూత తీసి, పోల్‌ని చదునైన చెక్క మీద నిలువుగా మెల్లగా తాటించండి, వదులుతుంది. తెల్లటి పొడి రాలుతున్న పాత పోల్‌ని ఒట్టి చేతులతో పట్టుకోవద్దు, గాజు నూగు చర్మంలో దిగితే రెండు రోజులు బాధ.

లేపడం. మీకు పలకా పైపూ ఉంటాయి కాబట్టి పడుకోబెట్టి లేపాల్సిన పనే లేదు. పోల్ మూసి ఉన్నప్పుడు మనిషంత ఎత్తే ఉంటుంది. దాన్ని మూసినట్టే పైపు మీద నిలబెట్టండి. రింగు, తాళ్లు, తీగ, కోయాక్స్ అన్నీ ముందే కట్టేసి నేల మీద చిక్కు లేకుండా పరిచేయండి. కొస సెక్షన్ నుంచి మొదలుపెట్టి ఒక్కోటి పైకి నెడుతూ బిగిస్తూ పోవాలి, లావువి చివర్న వస్తాయి. సగానికి వచ్చాక ఆగి తాళ్లు మూడూ కొక్కేలకి వదులుగా తగిలించండి, తర్వాత మిగతా సెక్షన్లు. చివర్లో ఒక్కో తాడు కాస్తకాస్తగా బిగిస్తూ రెండు చుట్లు తిరిగితే నిటారుగా వస్తుంది. తీగలు ఆఖర్న, అదీ మెత్తగా. ఇన్వర్టెడ్ వీ తీగలు కొంచెం వేలాడితే ఏమీ కాదండీ, బిగుతు కోసం పోల్‌ని బలిపెట్టొద్దు.

నెట్టేటప్పుడు మొహం పోల్ మీదికి పెట్టకండి. ఒక జాయింటు జారితే పైదంతా ఒక్కసారిగా లోపలికి దిగుతుంది, వేళ్లు నలుగుతాయి.

తూకంరాయి:

ఒక్కడే చేసేవాళ్లకి కొలతల తాడు చాలా ఉపయోగం. 4 మీటర్ల దగ్గర ఒక ముడి, 6.9 మీటర్ల దగ్గర ఇంకో ముడి వేసిన తాడు ఒకటి పెట్టుకోండి. పోల్ అడుగు నుంచి 4 మీటర్లు కొలిచి మొదటి కొక్కెం. రెండోది పోల్ నుంచి 4, మొదటి కొక్కెం నుంచి 6.9 వచ్చే చోట. మూడోది కూడా అంతే. మూడూ సరిగ్గా 120 డిగ్రీల్లో వచ్చేస్తాయి, కోణమానిని అక్కర్లేదు, కంటి అంచనా అక్కర్లేదు. రింగు 6 మీటర్ల ఎత్తున ఉంటే ఒక్కో గై తాడు పొడవు 7.2 మీటర్లు, అక్కడ గుర్తు పెట్టుకుంటే సమతల నేల మీద లేపకముందే తాళ్లు దాదాపు సరిపోయి ఉంటాయి. బిగింపుకి జారుముడి నేర్చుకోండి, తాడు మీద పైకి కిందికి జరుగుతుంది, వదిలేస్తే పట్టుకుంటుంది, గుడారాలకి వేసేది అదే.

గూటం దిగే నేలయితే దాన్ని పోల్ నుంచి అవతలికి వాల్చి కొట్టండి, తాడుకి గూటానికి మధ్య దాదాపు లంబకోణం రావాలి. నిటారుగా కొట్టిన గూటం వానకి నేల నానగానే పైకి వచ్చేస్తుంది.

ఎప్పుడైనా జాయింట్లు లేని అల్యూమినియం పైపు మాస్ట్ చేసుకుంటే, దాన్ని పడుకోబెట్టి అడుగు బందు మీద తిప్పి లేపాలి. అప్పుడు మూడు కాదు, నాలుగు తాళ్లు. పక్క తాళ్లు రెండింటి కొక్కేలు బందు ఇరుసు గీతలోనే, అదే ఎత్తులో ఉండాలి, అలా ఉంటే లేచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వాటి బిగుతు మారదు. కొంచెం ముందుకో వెనక్కో ఉంటే మధ్యలో ఒకటి వదులవడమో, మాస్ట్ వంగిపోయేంత బిగుసుకోవడమో జరుగుతుంది. వెనక తాడు ముందే పొడవు కొలిచి కట్టేస్తే నిలువు దాటి అవతలికి పడదు. మీరు ముందు తాడు లాగడం ఒక్కటే పని.

రెండోచూపు:

అందరూ ఎలా నిలబెట్టాలో చెప్పారు, ఎక్కడ నిలబెట్టకూడదో కూడా రాసి ఉండాలి ఈ థ్రెడ్‌లో. కరెంటు తీగలు. పోల్ మొదటి సెక్షన్ బయటికి తీయకముందు తలెత్తి చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి చూడండి. పోల్ ఏ దిక్కుకి పడినా, దానికి కట్టిన తీగ విసిరినట్టు ఎగిరినా తగలనంత దూరం ఉండాలి, పోల్ ఎత్తు ఒక్కటే లెక్కవేస్తే చాలదు, ఆ పైన తీగ పొడవు కూడా కలపండి. ఫైబర్‌గ్లాస్ కదా అనుకోవద్దు, దాని వెంట కోయాక్స్ ఉంది, కోయాక్స్ అవతలి కొస మీ చేతిలో ఉంది. ఉరుము వినిపిస్తే కూడా అంతే, మేఘం దూరంగా ఉందని కూర్చోకుండా కోయాక్స్ విప్పేసి కారులో కూర్చోండి, దించడానికి కూడా పోల్ దగ్గరికి వెళ్లొద్దు.

తీగ కొసలు మనిషి చేతికి అందకూడదు. హాఫ్ వేవ్ తీగ కొసల్లో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు వోల్టేజి చాలా ఎక్కువ ఉంటుంది, 100 వాట్లకే వేలు కాలుతుంది. 3 మీటర్లు ఎత్తు ఉంచండి. సన్నతాడు ఎవరికీ కనపడదు, సాయంత్రం అసలు కనపడదు, పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తే మెడకి తగులుతుంది. ప్రతి గై తాడుకీ నడుము ఎత్తున ఒకటి, తల ఎత్తున ఒకటి ముదురు రంగు గుడ్డపీలికలు కట్టండి. మీరు మొదటి పోస్టులో పిల్లల గురించి రాశారు కాబట్టే ఇది చెప్పాలనిపించింది.

ఏడు_మెగాహెర్ట్జ్:

పదిహేను రోజులయ్యాక రాస్తున్నాను. పలక అయింది. చీలిన అడుగు సెక్షన్‌ని పడేయలేదు, చీలిక పైదాకా కోసేసి, అంచు గరుకు కాగితంతో రుద్ది వాడుతున్నాను, పోల్ 9.4 మీటర్లకి వచ్చింది. ఫ్లాంజ్ బోల్టులకి గుంటలు చేయడానికే ఒక పూట పట్టింది. రింగు మొదటిది పాడైంది, మధ్య రంధ్రం కొంచెం పెద్దదై జాయింటు దాటి కిందికి జారిపోయింది, రెండోది కొలిచి కోశాను, చక్కగా కూర్చుంది.

నిన్న వెళ్లాను. తాళంచెవి పోల్‌కే వేలాడదీశాను. కొలతల తాడుతో కొక్కేలు పెట్టడానికి పది నిమిషాలు, లేపడానికి ఇంకో పదిహేను. తీగలు వదులుగా వదిలాను, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిపోయిందో చెప్పే కొలత) మీద ఏ తేడా లేదు, 7.1 దగ్గర 1.4 చూపించింది. మధ్యాహ్నం పోయినసారి కంటే ఎక్కువ గాలే వచ్చింది. పైకొస బాగా ఊగింది కానీ రింగు దగ్గర పోల్ అసలు కదల్లేదు. నేను వెళ్లి గాలి వచ్చే వైపు తాడుని రెండు వేళ్లతో పట్టుకుని చూశాను, లాగుడు తెలుస్తోంది గానీ అంత పెద్దదేం కాదు, మాస్టారు చెప్పిన 3 కేజీలు ఇదేనన్నమాట అనిపించింది. నాలుగు గంటలు నిశ్చింతగా కూర్చుని మాట్లాడాను.

ఒకటి మాత్రం సరిగ్గా రాలేదు. పలక దిగబడింది, నేల గట్టిగానే ఉన్నా, చక్రం వైపు కంటే పోల్ వైపు కొంచెం పైకి లేచినట్టయింది, తాళ్లు రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది. చెక్క 3 సెంటీమీటర్ల మందమే దొరికింది నాకు, అది వంగుతోందా, లేక కింద అడ్డపట్టీ ఏదైనా వేయాలా?

టైరు_కింద_పలక:

చెక్కే వంగుతోంది. పలక పొడుగునా అడుగున రెండు ఇనుప ఎల్ యాంగిల్ బద్దీలు, 25 మిల్లీమీటర్లవి, బోల్టులతో వేయండి, రెండు అంచుల వెంటా. చక్రం ఎక్కేవైపు చివర ఏటవాలుగా చెక్కేస్తే ఎక్కేటప్పుడు పలక ముందుకి తన్నుకుపోదు కూడా. వేశాక ఒకసారి పోల్ లేకుండా చక్రం ఎక్కించి, పైపు పక్కన నీటిమట్టం పెట్టి చూడండి, అక్కడే తెలిసిపోతుంది.